కతెడ్రల్ పెద్దరికం: జీతం లేదు, జవాబుదారీ ఉంది

ఆదివారం పూజ ముగిసి జనం బయటపడతారు. ఆడవాళ్లు గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటారు. పిల్లలు ఐసు బండి చుట్టూ మూగుతారు. దూరపు ఊళ్లవాళ్లు బస్సు తప్పిపోతుందని గబగబా నడుస్తారు. నలుగురైదుగురు మాత్రం కదలరు. గుడి పక్క గదిలో బల్ల మీద కానుకల సంచి బోర్లించి కూర్చుంటారు. పది నోట్లు ఒక కట్ట, ఇరవైలు ఒక కట్ట, చిల్లర వేరే కుప్ప. ఒకరు లెక్కపెట్టింది ఇంకొకరు మళ్లీ లెక్కపెడతారు. పుస్తకంలో అంకె వేసి, దాన్నే అక్షరాల్లోనూ రాసి, ఇద్దరు సంతకాలు చేస్తారు. పద్ధతిగా నడిచే ఏ దేవాలయంలోనైనా ఆదివారం నాటి చివరి పని ఇదే.

ఆ సంతకం చేసినవారు గురువులు కారు, కన్యస్త్రీలు కారు. ఒకరు రిటైరైన బడిపంతులు కావచ్చు, ఒకరు రెండెకరాల రైతు కావచ్చు, ఇంకొకరు మండలాఫీసులో గుమాస్తా కావచ్చు. వీరికి జీతం లేదు. చాలాచోట్ల బస్సు చార్జీ కూడా సొంత జేబులోదే. అయినా ఊళ్లో నలుగురూ నిలదీసేది వీరినే. "మేమిచ్చిన పైసలు ఏమైనయి?" అనే ప్రశ్న ఫాదరుగారి దాకా పోవడానికి ముందు ఈ పెద్దల గడపే తొక్కుతుంది.

పూజ చేయడానికి గురువు ఉన్నాడు, పీఠం మీద మేత్రాణులు ఉన్నారు. మరి మామూలు గృహస్థుకు పాలనలో చోటెందుకు, చోటిస్తే అతని మాటకు బలమెంత అన్నది చాలామందికి తెలియని సంగతి. కమిటీలో ఏళ్ల తరబడి కూర్చున్నవారిలోనూ కొందరికి తెలియదు. టీ తాగి, తీర్మానాల పుస్తకంలో సంతకం పెట్టి రావడమే సభ్యత్వమనుకునేవారు లేకపోలేదు.

ఆసనం ఉన్న గుడి

కతెడ్రల్ అంటే పెద్ద గుడి అని అర్థం చెప్పుకుంటారుగాని, అసలు అర్థం అది కాదు. గ్రీకు భాషలో కతెద్ర అంటే కుర్చీ. మేత్రాణుల ఆసనం ఏ గుడిలో ఉంటే అది కతెడ్రల్. అది చిన్నదైనా సరే. మేత్రాసనం అనే తెలుగు మాటలోనూ ఆ ఆసనమే కూర్చుని ఉంది.

నల్లగొండ మేత్రాసనం 1976 మే 31న ఏర్పడింది. అప్పటి పోపు ఆరవ పౌలు దాన్ని ప్రకటించారు. తొలి మేత్రాణులు మాథ్యూ చెరియన్‌కున్నెల్. పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు దాని కిందికి వచ్చాయి. ఆ రెండు జిల్లాలూ 2016 అక్టోబరులోనూ, నారాయణపేట విడిపోయిన 2019 ఫిబ్రవరిలోనూ ముక్కలై ఎనిమిదయ్యాయిగాని, మేత్రాసనం హద్దులు కలెక్టరాఫీసు బోర్డులతోపాటు మారవు. మూసీ ఒడ్డున సూర్యాపేట వైపు వరి పండించే ఊరివాళ్లూ, నల్లమల అంచున అచ్చంపేట వైపు పత్తి వేసే ఊరివాళ్లూ ఒకే పీఠం కింద ఉన్నారన్న మాట.

మేత్రాసనం కింద విచారణలు. కొత్తవాళ్లకు ఈ మాట తమాషాగా వినిపిస్తుంది. పోలీసు విచారణ కాదు, ఒక గురువు బాధ్యత కింద ఉన్న ఊళ్ల సముదాయాన్ని కతోలికులు విచారణ అంటారు. బాగోగులు విచారించేవాడు విచారణ గురువు. కతెడ్రల్ కూడా ఒక విచారణే. దానికీ గురువు ఉంటాడు, దానికీ సంఘాలుంటాయి. పైగా మేత్రాసనం మొత్తానికి వేరే సభలున్నాయి. సామాన్య గృహస్థు కూర్చోగల కుర్చీలు ఈ రెండుచోట్లా ఉన్నాయి.

ఈ కుర్చీలు పాతకాలం నుంచి ఉన్నవేమీ కాదు. 1962 నుంచి 1965 వరకు రోములో జరిగిన రెండవ వాటికన్ మహాసభ గృహస్థుల పాత్ర గురించి ప్రత్యేకంగా ఒక శాసన పత్రమే వెలువరించింది. ఆ సభ ఆలోచనలకు చట్టరూపం 1983లో వచ్చింది. ఆ ఏడాది జనవరి 25న ప్రకటించి, నవంబరు 27 నుంచి అమలులోకి తెచ్చిన శ్రీసభ న్యాయస్మృతిలో 1752 సూత్రాలున్నాయి. వాటిలో పట్టుమని ఇరవై చదివితే చాలు, కమిటీ సభ్యుడికి తన హద్దు తెలుస్తుంది, తన హక్కూ తెలుస్తుంది.

సలహా వేరు, సమ్మతి వేరు

విచారణలో రెండు సంఘాలుండవచ్చు. మొదటిది విచారణ సలహా సంఘం. దీన్నే పారిష్ కౌన్సిల్ అంటున్నారు. ఇది తప్పనిసరి కాదు. మేత్రాణులు గురువుల సభను అడిగి, అవసరమనుకుంటే ఏర్పాటు చేయిస్తారు. అధ్యక్షుడు విచారణ గురువే. సంఘం చెప్పేది సలహా మాత్రమే. రెండోది ఆర్థిక సంఘం. ఇది మాత్రం ప్రతి విచారణలోనూ ఉండి తీరాలని 537వ సూత్రం శాసిస్తుంది. "మా ఊళ్లో అలాంటిదేదీ లేదే" అనేవారు ఆ సూత్రం అంకె గుర్తుపెట్టుకోవచ్చు.

మేత్రాసనం స్థాయిలోనూ ఆర్థిక సభ తప్పనిసరి. కనీసం ముగ్గురు సభ్యులుండాలి. లెక్కల్లోనూ, దేశపు చట్టాల్లోనూ నిజంగా అనుభవమున్నవారై, నిజాయితీకి పేరుపడ్డవారై ఉండాలి. ఐదేళ్లకు నియామకం, మళ్లీ పొడిగించవచ్చు. మేత్రాణులకు రక్తసంబంధంలోగాని, వియ్యంలోగాని నాలుగో మెట్టు వరకు చుట్టమైనవాడు అందులో కూర్చోడానికి వీల్లేదు. బావమరుదులూ, మేనల్లుళ్లూ కూర్చునే కమిటీలు చూసిన కళ్లకు ఈ నిబంధన ముచ్చటగా కనిపిస్తుంది. ఏటా రాబోయే ఏడాది ఆదాయ వ్యయాల అంచనా తయారుచేయడం, ఏడాది చివర లెక్కలు పరిశీలించడం ఈ సభ పని. సభ్యులంతా గృహస్థులే కావాలని మాత్రం శాసనం అనలేదు. గురువులూ ఉండవచ్చు. కాని లెక్కలు, చట్టాలు తెలిసినవారు అనేసరికి బాంకు ఉద్యోగులు, ఆడిటర్లు, వకీళ్లు, పంతుళ్ల వైపు చూడక తప్పదు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. న్యాయస్మృతి రెండు మాటలు వాడుతుంది. ఒకటి సలహా, రెండోది సమ్మతి. వినడానికి అన్నదమ్ముల్లా ఉన్నా, రెంటికీ నేలకూ నింగికీ ఉన్నంత దూరం.

మామూలు పెద్ద పనులకు మేత్రాణులు ఆర్థిక సభను సలహా అడగాలి. అడిగాక పాటించవచ్చు, పాటించకపోవచ్చు. అయితే అడగకుండానే చేస్తే ఆ పని చెల్లదు. సభ్యులంతా ఒకే మాట మీద ఉంటే గట్టి కారణం లేకుండా కాదనరాదని కూడా శాసనం హెచ్చరిస్తుంది. అసాధారణమైన ఖర్చులకు, ఒక హద్దుకు మించిన విలువగల ఆస్తి అమ్మకాలకు సలహా చాలదు, సమ్మతి కావాలి. ఆర్థిక సభ సమ్మతి, దానితోపాటు గురువుల సలహాదారుల మండలి సమ్మతి. ఆ హద్దు ఎంతన్నది ఆ దేశపు బిషప్పుల సమాఖ్య నిర్ణయిస్తుంది. పై హద్దు కూడా దాటితే రోము అనుమతి అదనం. సమ్మతి లేకుండా చేసిన అమ్మకం శ్రీసభ చట్టం ముందు చెల్లదు.

అంటే ఏమిటి? సూటుబూటు లేని ఒక రిటైరైన బాంకు గుమాస్తా, మరో ఇద్దరు ముగ్గురితో కలిసి, మేత్రాణుల ఎదుట కూర్చుని "ఈ జాగ అమ్మడానికి మేం ఒప్పుకోం" అంటే, ఆ కాగితం కదలదు. ఆ మాట అనే ధైర్యం ఉండటం వేరు సంగతి. మేత్రాణుల ఉంగరం ముద్దుపెట్టుకుని పెరిగిన మనిషి, పిల్లవాడి బడి సీటు కోసం అదే ఆవరణలో చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి, ఎదురు చెప్పడం అంత తేలిక కాదు. చట్టం కుర్చీ ఇస్తుందిగాని, గొంతు ఇవ్వలేదు.

పీఠం ఖాళీ అయినప్పుడు ఈ సభ విలువ ఇంకా తెలుస్తుంది. మేత్రాణులు రిటైరైనా, కాలం చేసినా గురువుల సభ రద్దవుతుంది, మేత్రాసన సలహా సభ కూడా రద్దవుతుంది. ఆర్థిక సభ మాత్రం నిలిచే ఉంటుంది. కోశాధికారినే తాత్కాలిక పాలకుడిగా ఎన్నుకుంటే, అతని చోట మరో కోశాధికారిని తాత్కాలికంగా ఎన్నుకునే పని కూడా ఈ సభదే. ఖాళీ సమయంలో కొత్త మార్పులేవీ చేయరాదన్నది పాత సూత్రం. ఇల్లు యజమాని లేని వేళ తాళంచెవి గుమ్మం దగ్గరి నమ్మకస్తుడి చేతిలో ఉన్నట్టు.

గంట డబ్బు గంటకే

గుడికి గంట కొనాలని ఊరంతా చందా వేసుకున్నారనుకోండి. గంట కొనక ముందే ప్రహరీ గోడ కూలింది. ఆ డబ్బుతో గోడ కట్టేస్తే తప్పేమిటి? ఇంట్లో అయితే తప్పు కాదు. గుడిలో తప్పు. ఏ పని పేరు చెప్పి తీసుకున్న కానుకను ఆ పనికే వాడాలని 1267వ సూత్రం చెబుతుంది. చనిపోయిన తల్లి పేరిట పూజ చేయించమని ఇచ్చిన వంద రూపాయలకూ ఇదే న్యాయం. కమిటీలో కూర్చున్న సామాన్యుడు ఎక్కువగా అక్కరకొచ్చేది ఇలాంటి చోటనే. ఎందుకంటే ఎవరు దేనికిచ్చారో ఊరి మనిషికి గుర్తుంటుంది. బదిలీ మీద వచ్చిన గురువుకు తెలియకపోవచ్చు.

పల్లె విచారణల్లో కానుకంటే డబ్బొక్కటే కాదు. రోజూ అన్నం వండే ముందు తల్లి ఒక పిడికెడు బియ్యం పక్కన తీసిపెట్టడం తెలుగు క్రైస్తవ సంఘాల్లో పాత అలవాటు. వారం తిరిగేసరికి ఆ డబ్బా గుడికొస్తుంది. కోతల పండుగనాడు గుమ్మడికాయలు, కోడిపుంజులు, కందుల మూటలు, కొబ్బరికాయలు బలిపీఠం ముందు పేరుస్తారు. పూజ అయ్యాక వేలం. అక్కడ పాట పాడేవాడు కమిటీ సభ్యుడే. నూరు రూపాయల కోడిని ఎనిమిది వందలకు పాడించే చమత్కారం కొందరికి పుట్టుకతో వస్తుంది. పాడినవాడు అప్పు పెట్టి కోడిని పట్టుకుపోతే ఆ బాకీ వసూలు చేయవలసిందీ ఈయనే. మరుసటి పండుగ వచ్చినా వసూలు కాని బాకీలు కొన్ని పుస్తకాల్లో ఉంటాయి. కోడి కూరై ఏడాదయి ఉంటుంది.

విశ్వాసులిచ్చిన దానికి విశ్వాసులకే లెక్క చెప్పాలన్న మాట కూడా స్మృతిలో ఉంది. ఎలా చెప్పాలన్నది ఆయా మేత్రాసనాల నిబంధనలను బట్టి. నెలకోసారి పూజ చివర చదివేవారున్నారు. నోటీసు బోర్డుకు అంటించేవారున్నారు. ఏదీ చేయనివారూ ఉన్నారు. గుడిని మింగేవాడొకడైతే గుడినీ గుడిలో లింగాన్నీ మింగేవాడింకొకడని తెలుగువాడు ఏనాడో అన్నాడు. ఏ మతానికి చెందిన గుడి అన్నది ఆ సామెతకు పట్టింపు లేదు.

ఇంకో నిబంధన చదివితే చాలామంది ఉలిక్కిపడతారు. నిర్వహణ బాధ్యత ఒప్పుకున్నవాడు, జీతం లేకపోయినా సరే, తన ఇష్టం వచ్చినప్పుడు వదిలేసి పోరాదు. చెప్పకుండా వదిలేయడం వల్ల శ్రీసభకు నష్టం కలిగితే ఆ నష్టం పూడ్చవలసి ఉంటుంది. స్వచ్ఛందమన్నది చేరే ముందు మాటే, చేరాక కాదు.

బిషప్ లేని సంఘాలు

పాలమూరు వైపు ఎక్కువ ఊళ్లలో కతెడ్రల్ అనే మాటే వినపడదు. అక్కడ గట్టిగా పాతుకున్నది మెన్నొనైట్ బ్రదరన్, అంటే ఎం.బి. సంఘం. నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల, కల్వకుర్తి, దేవరకొండ ఆ సంఘపు పాత మిషన్ కేంద్రాలు. జడ్చర్ల ఆస్పత్రి ఆ సంఘానిదే. ఈ కథ మొదలైంది నల్లగొండలో. ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతం నుంచి అబ్రహాం, మరియా ఫ్రీజెన్ దంపతులు అమెరికా బాప్టిస్టు మిషన్ తరఫున 1890లో నల్లగొండ చేరారు. తరువాత పదేళ్లకు అమెరికా నుంచి వచ్చిన మెన్నొనైట్లు పాలమూరు వైపు సాగారు.

ఈ సంఘాల్లో బిషప్ ఉండడు, ఆసనమూ ఉండదు. సంఘసభ్యులే పెద్దలను ఎన్నుకుంటారు. పాస్టరు అయ్యగారిని పిలుచుకునేదీ, జీతమిచ్చేదీ సంఘమే. కతోలిక విచారణలో సామాన్యుడు అడిగితే చెప్పే మనిషి. ఇక్కడ సామాన్యుడే యజమాని. అందువల్ల అంతా సవ్యంగా ఉంటుందని అనుకోనక్కరలేదు. ఓటు వచ్చిన చోట పార్టీలు వస్తాయి. గుడి ఎన్నిక సర్పంచ్ ఎన్నికను మించిన ఊళ్లున్నాయి.

రెంటికీ నడుమ ఉన్నది దక్షిణ ఇండియా సంఘం, సి.ఎస్.ఐ. ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు కలిసి 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన ఈ సంఘంలో బిషప్పూ ఉన్నాడు, ఓటూ ఉంది. రాష్ట్రంలో అందరూ ఎరిగిన మెదక్ కతెడ్రల్ దీనిదే. కరవు రోజుల్లో కూలీలకు తిండి దొరికేలా పాస్నెట్ దొర మొదలుపెట్టిన ఆ కట్టడం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. 2024లో నూరేళ్లు నిండాయి. అక్కడ సభ్యులు పాస్టరేట్ కమిటీని ఎన్నుకుంటారు. పైన అధ్యక్ష మండలపు కౌన్సిల్లో గురువులతోపాటు సామాన్యులు ప్రతినిధులుగా కూర్చుంటారు. ఆస్తులు 1947లో కంపెనీగా రిజిస్టరైన ట్రస్ట్ అసోసియేషన్ పేరిట ఉంటాయి. ఈ సంఘంలో ఎన్నికల తగాదాలు కోర్టుల దాకా పోవడమూ ఉంది. డోర్నకల్‌లో అజరయ్య బిషప్ నాటి నుంచి పల్లె సంఘం తన పెద్దలను తానే నిలబెట్టుకోవాలన్న పట్టుదల ఉంది. ఆయన 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు. ఎపిఫనీ కతెడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది.

హిందూ దేవాలయాల్లో ఇదే ప్రశ్న వేరే రూపంలో తేలింది. 1987 నాటి దేవాదాయ చట్టం వంశపారంపర్య ధర్మకర్తల హక్కు రద్దుచేసింది. 1996లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెడుతూనే, గుడి కట్టించిన కుటుంబానికి పాలకవర్గంలో చోటుండాలని చెప్పింది. గుట్టలోనైనా, మన్యంకొండలోనైనా దేవుడి సొమ్ముకు కాపలా ఎవరన్నదే అసలు సమస్య.

ఇంగ్లండులో కతెడ్రళ్ల పాలన శతాబ్దాలపాటు డీను, కేనన్ల గుప్పిట్లో ఉండేది. 1999 చట్టంతో సామాన్యులకు దారి తెరుచుకుంది. 2021 చట్టం కింద పాలకమండలిలో రోజువారీ ఉద్యోగాలతో సంబంధం లేని సభ్యులదే మెజారిటీ. అక్కడి ధార్మిక సంస్థల కమిషన్ కూడా వాటి మీద కన్ను వేసి ఉంచుతుంది. ఖాళీ వస్తే ప్రకటన వేసి దరఖాస్తులు పిలుస్తారు. జీతం లేని కొలువుకు దరఖాస్తు! ఇక్కడ ఫాదరుగారు కబురు పంపితే పోవడమే.

పేరు రాయించుకోవాలంటే

సభ్యుల్లో ప్రాంతాలు, సామాజిక స్థితిగతులు, వృత్తులు అన్నీ ప్రతిబింబించాలని మేత్రాసన సలహా సభ గురించి న్యాయస్మృతి చెబుతుంది. కాగితం మీద చక్కని మాట. ఈ జిల్లాల్లో విశ్వాసుల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు, రెక్కల కష్టం మీద బతికేవారు. సభ తరచు పెట్టేది పట్నంలో, పనిదినాన. ఒకరోజు సభకు పోతే ఒకరోజు కూలి పోయినట్టే. పాలమూరు మనిషికి ఇంకో చిక్కుంది. వానలు మొహం చాటేసిన ఏడు అతను బొంబాయికో, హైదరాబాదుకో మూటాముల్లె సర్దుకుంటాడు. ఆరు నెలలు ఊళ్లో లేని మనిషి కమిటీలో ఎలా ఉంటాడు? కనుక నెల జీతగాడే మళ్లీ మళ్లీ ఎన్నికవుతాడు. గుడి కట్టడానికి ఇటుకలు మోసినవాడు గుడి లెక్కలు చూసే బల్ల దగ్గరికి రాలేకపోవడం ఇలా జరుగుతుంది. ఎవరూ పనిగట్టుకుని ఆపనక్కరలేదు.

ఆడవారి సంగతీ అంతే. గుడి నిండేది వారితో, పిడికెడు బియ్యం వారివి, బల్ల చుట్టూ కుర్చీల్లో మగవారు. చట్టంలో మాత్రం ఆటంకం లేదు. కతోలిక సంఘాల్లో ఆర్థిక సభల్లో స్త్రీలు కూర్చోవచ్చు. సి.ఎస్.ఐ.లో 2013లో ఇ. పుష్పలలిత నంద్యాల బిషప్‌గా అభిషేకం పొందారు. పొదుపు సంఘం నడిపి, బాంకు మేనేజరుతో మాట్లాడి, తీర్మానం రాసిన అనుభవం ఇప్పుడు పల్లె పల్లెలో ఆడవారికుంది. కానుకల పుస్తకం వారికి కొత్త విద్య కాబోదు.

వీటన్నింటికన్నా గడ్డు సమస్య మరొకటుంది. దాన్ని పైకి మాట్లాడేవారు తక్కువ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు లేదు. క్రైస్తవంలోకి మారిన దళితులు ఇక్కడ బి.సి.-సి వర్గంలోకి వస్తారు, రిజర్వేషన్ 1 శాతం. ఊళ్లో వాడ మారలేదు, కూలి మారలేదు, సర్టిఫికెట్టు మాత్రం మారింది. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో సుప్రీంకోర్టు, బాప్తిస్మం పొంది క్రమంగా చర్చికి వెళ్లే వ్యక్తి ఉద్యోగం కోసం ఎస్.సి. సర్టిఫికెట్ కోరడం కుదరదని తేల్చింది.

ఇప్పుడు కమిటీ పుస్తకం తెరవండి. సభ్యుడి పేరు, తండ్రి పేరు, ఊరు, సంతకం. అది గుడి పుస్తకమే కావచ్చు, రేపు ఎవరైనా తహసీల్దారు ముందు పెట్టగల కాగితం కూడా. ఇంటర్ చదివే కొడుకున్న తండ్రి ఆ గీత మీద కలం పెట్టడానికి ముందు రెండుసార్లు ఆలోచిస్తాడు. నమ్మకం లేక కాదు. పిల్లవాడి ఫీజు, సీటు, రేపటి ఉద్యోగం కళ్ల ముందు కదలడం వల్ల. పనిచేస్తాను, పేరు మాత్రం వద్దనేవారు అందుకే కనబడతారు. గంట కొట్టేదీ, కుర్చీలు వేసేదీ, వేలం పాట పాడేదీ వారే. పుస్తకంలో మాత్రం ఉండరు. శ్రీసభలో మాత్రం పై మెట్టు చేరడానికి కులం అడ్డురాలేదని చెప్పడానికి ఒక ఉదాహరణ దొరికింది. హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. దళితుల నుంచి ఆ స్థానానికి చేరిన తొలి వ్యక్తి ఆయన, తెలుగువారిలోనూ మొదటివారు.

విదేశీ విరాళాల చట్టం కూడా సంతకాన్ని బరువెక్కించింది. చట్టం 1976లో వచ్చింది, 2010లో కొత్తగా రాశారు, 2020లో మరింత బిగించారు. విదేశీ సొమ్మంతా ఢిల్లీలోని స్టేట్ బాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే ముందుగా పడాలి. ఒక సంస్థకు వచ్చినదాన్ని మరొక సంస్థకు మళ్లించరాదు. పాలనా ఖర్చు 20 శాతం మించరాదు. బాధ్యుల ఆధార్ నంబర్లు సర్కారుకివ్వాలి. ఇటలీ నుంచి, అమెరికా నుంచి దొరలు పంపితే గుడి లేచే కాలం ముగిసింది. బడికి సున్నం వేయాలన్నా, ఉపదేశికి నెల జీతమివ్వాలన్నా ఊరి కానుకే దిక్కు. కనుక ఊరి లెక్కకు గతంలో లేని విలువ వచ్చింది.

సర్వే నంబరు తెలిసిన మనిషి

పల్లె కమిటీకి నిజంగా అక్కరకొచ్చే విద్య ఒకటుంది. అది భూమి కాగితం చదవడం. పాత మిషన్ కాంపౌండ్లు, ఊళ్లలోని ప్రార్థన మందిరాలు, సమాధుల జాగలు చాలావరకు నోటిమాట మీద, తెల్లకాగితం మీద దక్కినవి. ఇచ్చిన పటేలూ లేడు, పుచ్చుకున్న దొరా లేడు. పహాణీలో ఒక పేరు, కబ్జాలో మరొకరు. 2020లో ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. ప్రతిసారీ పాత తప్పు కొత్త రికార్డులోకి ఎక్కే ప్రమాదమే. సూర్యాపేట రోడ్డు మీదా, జడ్చర్ల రోడ్డు మీదా గజం ధర పెరిగాక సమాధుల జాగ మీద కూడా కళ్లు పడుతున్నాయి.

సేత్వారు నకలు తెచ్చి, సర్వే నంబరు పట్టుకుని, సర్వేయరుకు దరఖాస్తు పెట్టి హద్దురాళ్లు పాతించిన సభ్యుడు పది ప్రసంగాల పెట్టు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అనలేదు. అందరి జాగ ఎవరి జాగా కాదన్నట్టు వదిలేస్తే అది ఎవరో ఒకరి జాగ అవుతుంది.

ఇందుకు న్యాయస్మృతిలో చిన్న ఏర్పాటుంది. నిర్వాహకులు బాధ్యత తీసుకునే ముందు మేత్రాణుల ఎదుటగాని, వారి ప్రతినిధి ఎదుటగాని ప్రమాణం చేయాలి. ఆస్తుల జాబితా రాయాలి, లేదా ఉన్న జాబితాను సరిచూడాలి. స్థిరాస్తి, చరాస్తి, విలువైన వస్తువులు, వాటి వెల. అందరూ సంతకాలు చేయాలి. ఒక ప్రతి అక్కడే దాచాలి, ఒకటి మేత్రాసన కార్యాలయానికి పంపాలి. తరువాత కలిసినవీ, తీసేసినవీ రెండు ప్రతుల్లోనూ ఎక్కించాలి.

పద్ధతి పాటించే చోట కొత్త కమిటీ వచ్చిన రోజు ఇదే పెద్ద పని. పాత సభ్యుడు కళ్లజోడు సర్దుకుని చదువుతాడు. కొత్తవాడు గుడి అంతా తిరిగి చూసి వస్తాడు. కంచు గంట ఒకటి. పూజ పాత్రలు రెండు, ఒకదానికి మెరుగు పోయింది. బల్లలు పద్దెనిమిది, మూడింటికి కాళ్లు లేవు. మైకు సెట్టు, రిపేరులో ఉంది. సమాధుల జాగ ఇరవై రెండు గుంటలు, తూర్పు హద్దురాయి కనపడటం లేదు. ఆ చివరి మాట దగ్గర కొత్తవాడు ఆగి, రాయి ఎప్పటినుంచి లేదని అడుగుతాడు. పాతవాడు కలం మూసి, పద పోయి చూద్దామని లేస్తాడు.